ముదుసలి చూపు – ఆగథా క్రిస్టీ జీవితము

కోనసీమలో కొత్తపేట మొదలు రాజోలు వఱకు ఏ గ్రామమున కేగినను, కాలువగట్టు ప్రక్కను కొబ్బరిచెట్ల నీడలో వీథియరుగుపై కూర్చుండి వత్తులు చేసికొను ఒక ముదుసలి కానవచ్చును. ఊరివారు ఆమెను మామ్మగారని పిలుతురు. దారిని పోవువారిలో పలువురు ఆమెను చూచియు చూడనట్లే సాగిపోవుదురు. ఆమె మాత్రము అందఱను చూచుచునే యుండును. రేవు దాటిపోయిన వారెప్పుడు తిరిగి వచ్చిరి, ఎవరి యింటికి క్రొత్త చుట్టము వచ్చినాడు, నిన్నటివఱకు తలయెత్తి నడచిన పెద్దమనిషి నేడు తలవంచుకొని యేల పోవుచున్నాడు – ఇవి యన్నియు ఆమెకు తెలియును. ఎవరి తోటలోనైన కాయలు దొంగిలింపబడినచో పెద్దల విచారణ ముగియకమునుపే ఆమె మనస్సులో దొంగ యెవరో తేలియుండును.

పెద్దవారి యీ చూపును లోకము సాధారణముగా కాలక్షేపమనియు, పరుల సంగతులపై ఆసక్తి యనియు తేలికగా తీసివేయును. కాని దానియందు గొప్ప వివేకము దాగియున్నదని గ్రహించి, అట్టి వృద్ధస్త్రీని నేరపరిశోధకురాలిగను, యౌవనము దాటిన గృహిణిని గూఢచారిణిగను తన కథలలో నిలిపి, ప్రపంచమంతటిచేతను చదివించిన రచయిత్రి యొకతె ఇంగ్లండు దేశమున నుండెను. ఆమెయే ఆగథా క్రిస్టీ.

ఇంగ్లండు నైరుతి భాగమున డెవన్ అను సీమ కలదు. అందు సముద్రతీరమున నున్న టార్కీ పట్టణమున, ఆష్‌ఫీల్డ్ అను గృహమునందు 1890వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఆగథా జన్మించెను. తండ్రి ఫ్రెడరిక్ మిల్లర్ అమెరికా దేశీయుడు. తల్లి పేరు క్లారా. ఆ దంపతులకు అంతకుముందే మాడ్జ్ అను కుమార్తెయు, మాంటీ అను కుమారుడును కలిగిరి. వారిరువురును ఆగథాకంటె చాల పెద్దవారగుటచే ఆమె బాల్యము ఒంటరిగనే గడచెను. ఇంటి తోటయే ఆమె ఆటస్థలము. తన యూహలో పుట్టిన నేస్తములే ఆమెకు తోడు.

బిడ్డలకు ఎనిమిదేండ్లు నిండువఱకు చదువు నేర్పరాదని తల్లి యభిప్రాయము. అయినను ఆ బాలిక, తనకు పెద్దలు చదివి వినిపించు కథల పుస్తకములను ముందుంచుకొని, పదముల రూపములను గుర్తుపట్టుచు, అయిదేండ్ల ప్రాయమునకే తనంతట తాను చదువ నేర్చెను. అక్షరములను గాక పదములనే నేర్చుటవలన వర్ణక్రమ దోషములు ఆమెను జీవితాంతము విడువలేదు. లెక్కలు తండ్రి నేర్పెను. ఆ వయస్సు పిల్లలవలె ఆమె బడికి పోయి క్రమముగా చదువుకొన్నది చాల తక్కువ.

బాల్యమున ఆగథా తఱచుగా లండను నగర సమీపమున ఈలింగ్‌లోనున్న తన నాయనమ్మ మార్గరెట్ మిల్లర్ ఇంటికి పోవుచుండెను. ఈమె తండ్రికి సవతితల్లి. తల్లిని పెంచి పెద్దచేసిన పెద్దతల్లి కూడ ఈమెయే. ఆమె ఉల్లాసవతి, దయగలది. కాని యెవరి విషయమునను ముందుగా కీడునే శంకించునది. వింతయేమనగా, ఆ శంకలు చాలవఱకు నిజములగుచుండెను. ఆమె యింటికి వచ్చిపోవు ముసలి స్నేహితురాండ్రును అట్టివారే. ఒక మూల కూర్చుండి మౌనముగా ఆటలాడుకొను చిన్నపిల్లను వారు గమనింపలేదు. ఆ చిన్నపిల్ల మాత్రము వారి మాటలన్నియు విని మనస్సున నిలుపుకొనెను.

1901వ సంవత్సరమున, ఆగథాకు పదునొకండేండ్ల వయస్సున, తండ్రి మరణించెను. సంసారమున కలిమి తగ్గెను. అక్కకు వివాహమై వెడలిపోయిన పిమ్మట తల్లియు, కూతురును ఆ పెద్ద యింటిలో ఒకరికొకరు తోడై నివసించిరి. కొంతకాలమునకు తల్లి ఆమెను పారిస్ నగరమునకు పంపి సంగీతము నేర్పించెను. పియానో వాయించుటయందు ఆమెకు మంచి నేర్పు అలవడెను. కాని నలుగురి యెదుట కూర్చుండి వాయింపవలసి వచ్చినప్పుడు ఆమెకు వ్రేళ్లు ఆడెడివి కావు. అంతటి బిడియము ఆమెది. సంగీతమే వృత్తిగా జీవింపవలెనను కోరికను ఆమె విడిచిపెట్టవలసి వచ్చెను.

ఒకప్పుడు ఆమె జ్వరపడి లేచి, మంచముపై విసువుతో కాలము గడపుచుండగా, తల్లి ఒక కథ వ్రాయుమని ఆమెను ప్రోత్సహించెను. అదియే ఆరంభము. ఆ కథను, పిమ్మట వ్రాసిన మఱికొన్నింటిని పత్రికలవారు త్రిప్పిపంపిరి. పొరుగున నివసించుచుండిన ఈడెన్ ఫిల్‌పాట్స్ అను ప్రసిద్ధ రచయిత ఆమె మొదటి నవలను చదివి, లోపములు చూపి, ధైర్యము చెప్పెను. ఆ నవలయు అచ్చుకాలేదు. అయినను ఆమె వ్రాయుట మానలేదు.

1914వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన ఆమె ఆర్చిబాల్డ్ క్రిస్టీ అను సైనికోద్యోగిని వివాహమాడెను. అప్పటికే మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. భర్త ఫ్రాన్సు దేశమున యుద్ధరంగమున కేగెను. ఆగథా టార్కీలోని సైనిక వైద్యశాలలో జీతము లేని నర్సుగా చేరి గాయపడినవారికి సేవచేసెను. పిమ్మట మందులు కలుపు విభాగమునకు మారి, 1917లో ఔషధ శాస్త్ర పరీక్షయందు ఉత్తీర్ణురాలయ్యెను. ఏ మందు ఎంత యిచ్చిన మేలుచేయును, ఎంత మించిన ప్రాణము తీయును అను జ్ఞానము ఆమెకు అచ్చటనే కలిగెను.

ఆ శిక్షణ కాలమున జరిగిన ఒక సంఘటన ఆమె స్వభావమును చక్కగా తెలుపును. ఆమెకు పాఠములు చెప్పుచుండిన అనుభవజ్ఞుడైన ఔషధకారుడు ఒకనాడు దశాంశ బిందువును తప్పుగా నుంచి, ఒక మందును మితిమీరిన బలముతో తయారుచేసెను. తప్పు ఆమె కంటబడెను. ఆయన అహంకారి. తప్పును చూపినచో ఒప్పుకొనువాడు కాడని ఆమె యెఱుగును. అందుచే ఆమె కాలు జారినట్లు నటించి, మందులున్న పళ్లెరమును క్రింద పడవేసి, వాటిని త్రొక్కివేసెను. ఆయన చేత చీవాట్లు తినెను. కాని రోగులకు కలుగనున్న కీడు తొలగిపోయెను. చూచినది గ్రహించుట, గ్రహించినదానిని ఆడంబరము లేక నెఱవేర్చుట – ఈ రెండు గుణములును తరువాత ఆమె సృష్టించిన ముదుసలియందు కాననగును.

నేరపరిశోధన కథ వ్రాయుట నీవలన కాదని అక్క మాడ్జ్ ఒకప్పుడు పందెము వేసినట్లు పలికెను. మందుల సీసాల నడుమ తీఱిక దొరకిన వేళల ఆగథా ఆ సంగతినే ఆలోచింపసాగెను. యుద్ధమువలన ఇల్లు వాకిలి విడిచి టార్కీకి వచ్చిన బెల్జియం దేశపు శరణార్థులను చూచి, హెర్క్యూల్ పాయిరో అను బెల్జియం పరిశోధకుని ఊహించెను. 1916లో వ్రాసిన ఆ నవల పేరు ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్. పలువురు ప్రచురణకర్తలు దానిని త్రిప్పిపంపిరి. తుదకు నాలుగేండ్లకు, 1920లో, అది వెలువడెను. దానివలన ఆమెకు ముట్టినది 25 పౌనులు మాత్రమే.

1922లో ఆమె ది సీక్రెట్ ఎడ్వర్సరీ అను గూఢచారి నవలను ప్రకటించెను. యుద్ధానంతరము ఉద్యోగములు లేక తిరుగుచున్న టామీ, టప్పెన్స్ అను యువతీయువకులు అందలి నాయికానాయకులు. వారు చురుకైనవారు, సాహసులు. గూఢచారులనిన అట్టివారే యుండవలెనని అప్పటి పాఠకులు తలంచుచుండిరి. ఆగథాయు అప్పటికి అట్లే వ్రాసెను. ఈ దంపతులే దాదాపు ఇరువదియేండ్ల పిమ్మట మఱియొక రూపమున తిరిగి రానుండిరి.

1926వ సంవత్సరమున ఆమెకు గొప్ప పేరు తెచ్చిన ది మర్డర్ ఆఫ్ రోజర్ ఎక్రాయిడ్ అను నవల వెలువడెను. అందు గ్రామవైద్యునికి కెరొలైన్ అను అక్క కలదు. ఆమె వయస్సు మీఱిన అవివాహిత. గడప దాటకయే ఊరి సంగతులన్నియు ఎఱుగును. ఆగథాకు ఆ పాత్రపై మిక్కిలి ప్రీతి. కాని ఆ నవలను నాటకముగా మార్చినవారు, ప్రేక్షకులకు ముదుసలి యేల రుచించునని తలంచి, కెరొలైన్‌ను తీసివేసి, ఆ స్థానమున ఒక అందమైన యువతిని ప్రవేశపెట్టిరి. ఇది ఆగథా మనస్సునకు కష్టము కలిగించెను. పెద్దవయస్సు స్త్రీకి కథలో చోటు లేదా యను ప్రశ్న ఆమెయందు నిలిచిపోయెను. మిస్ మార్పుల్ పుట్టుకకు ఆ కష్టమే బీజమై యుండవచ్చునని ఆమె తన యాత్మకథయందు వ్రాసికొనెను.

అదే సంవత్సరము ఆమె జీవితమున చీకటి క్రమ్మెను. ఏప్రిల్ నెలలో తల్లి మరణించెను. చిన్ననాటి యింటిని, తల్లి వస్తువులను ఒంటరిగా సర్దుచు ఆమె క్రుంగిపోయెను. ఆ దుఃఖము తీఱకమునుపే, తాను వేఱొక స్త్రీని ప్రేమించితిననియు, వివాహబంధమును తెంచుకొందుననియు భర్త తెలిపెను. డిసెంబరు 3వ తేదీ రాత్రి ఆమె కారులో ఇల్లు విడిచి వెడలిపోయెను. మఱునాడు ఆ కారు సరే మండలమున ఒక గుట్ట వాలున శూన్యముగా కనబడెను. పోలీసులును, వేలకొలది ప్రజలును పొదలు, చెఱువులు వెదకిరి. పత్రికలన్నియు ఆ వార్తతో నిండిపోయెను. పదునొకండు దినములకు ఆమె ఉత్తరదిశను హారోగేట్ అను పట్టణమున ఒక హోటలులో మాఱుపేరుతో కనబడెను. ఆ దినములను గూర్చి ఆమె తన యాత్మకథయందు ఒక్క మాటయు వ్రాయలేదు. నలుగురి కంటబడుటకే వెఱచు స్త్రీని ఆ నాడు దేశమంతయు వేలెత్తి చూపెను.

అయినను ఆమె అచ్చటనే ఆగిపోలేదు. 1919లో పుట్టిన కుమార్తె రోజలిండ్‌ను పోషింపవలసి యుండెను. వ్రాయుట ఆమెకు అంతవఱకు ఇష్టముతోడి వ్యాపకము. ఇప్పుడది జీవనాధారమయ్యెను. మనస్సు సహకరింపకున్నను, వ్రాయునది తనకే నచ్చకున్నను, ఆమె కాగితముల ముందు కూర్చుండి పని ముగించుట నేర్చుకొనెను. 1928లో విడాకులు పూర్తియయ్యెను.

ఇంతలో 1927వ సంవత్సరము డిసెంబరులో ఒక పత్రికయందు ఆమె వ్రాసిన చిన్నకథ వెలువడెను. ఒక ముదుసలి యింటిలో, ఆమె మేనల్లుడైన రచయిత, పోలీసుశాఖయందు పెద్ద పదవిచేసి విరమించిన అధికారి, న్యాయవాది, మతగురువు, చిత్రకారిణి కూడుకొందురు. తమకు తెలిసిన మర్మములను వారమునకొకటి చొప్పున చెప్పుకొని విప్పుదమని వారు నిశ్చయించుకొందురు. సభ్యులెందఱని లెక్కించునప్పుడు అయిదుగురే తేలుదురు. ఆ యింటి యజమానురాలు, పొయ్యి ప్రక్కను ఉన్ని యల్లుచు కూర్చున్న ముదుసలి, వారి లెక్కకు రాలేదు. ఆమె మెల్లగా తన్ను మఱచితిరని గుర్తుచేయును. తుదకు ఆ మేధావులలో ఎవ్వరికిని తేలని మర్మమును ఆమె యొక్కతెయే విప్పును. ఆమెయే మిస్ జేన్ మార్పుల్. 1930లో వెలువడిన ది మర్డర్ ఎట్ ది వికరేజ్ అను నవలతో ఆమె పేరు దేశదేశములకు ప్రాకెను.

మిస్ మార్పుల్ సెయింట్ మేరీ మీడ్ అను కల్పిత గ్రామమున నివసించును. ఆమె వద్ద ఆయుధము లేదు, అధికారము లేదు. ఆమె చేతనుండునవి అల్లికసూదులు, తోటపని పనిముట్లు, పక్షులను చూచు దుర్భిణి మాత్రమే. ఆమె పద్ధతి చాల సులభముగా కనబడును. పట్టణమున జరిగిన ఘోరమును వినగనే ఆమెకు తన యూరిలో ఎప్పుడో జరిగిన చిన్న సంగతి యొకటి జ్ఞాపకము వచ్చును. లెక్కలు మార్చిన దుకాణదారు, చిల్లర దాచిన పనిపిల్ల, మంచితనము నటించిన పెద్దమనిషి – వీరి స్వభావములతో ఆమె క్రొత్తవారి స్వభావములను పోల్చిచూచును. మానవస్వభావము పల్లెలోనైనను, పట్టణములోనైనను ఒక్కటియే యని ఆమె సిద్ధాంతము. చిన్న గుంటలోని నీటిని సూక్ష్మదర్శినితో చూచినచో అందు కోట్లకొలది జీవములు కానవచ్చునట్లు, చిన్న గ్రామమును నిదానించి చూచినచో లోకమంతయు అందే కానవచ్చును. దోషులు ఆమెను చూచి జాగ్రత్తపడరు. చెవులు సరిగా వినబడవేమో, మతి నిలువదేమో యని తలంచి ఆమె యెదుటనే నోరుజారుదురు. వారి నిర్లక్ష్యమే ఆమెకు బలము.

1928లో ఆగథా ఒంటరిగా ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ అను రైలెక్కి బాగ్దాదు నగరమునకు ప్రయాణము చేసెను. ప్రాచీన ఉర్ నగర శిథిలములను త్రవ్వుచున్న పరిశోధకుల పరిచయము ఆమెకు అప్పుడు కలిగెను. 1930లో రెండవమాఱు అచ్చటికేగినపుడు మాక్స్ మాలవన్ అను యువ పురావస్తు శాస్త్రజ్ఞుని కలిసికొనెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన వారిరువురును వివాహమాడిరి. ఆమెకు ముప్పదితొమ్మిదేండ్లు, అతనికి ఇరువదియాఱు. పిమ్మట చాల సంవత్సరములు ఆమె భర్తతోగూడ ఇరాకు, సిరియా దేశములలో త్రవ్వకములకు పోయి, దొరకిన పెంకులను అతికి, ఛాయాచిత్రములు తీసి సహాయపడెను. నిమ్రూద్ త్రవ్వకములలో దొరకిన ప్రాచీన దంతపు శిల్పముల మట్టిని అల్లికసూదితోను, ముఖమునకు పూసికొను క్రీముతోను ఆమె శుభ్రపఱచెను. ఒక చిన్న పెంకునుండి మునిగిపోయిన నగరమును ఊహించుటయు, ఒక చిన్న మాటనుండి దాగిన నేరమును ఊహించుటయు ఒకే విద్య.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. ఏబదియేండ్ల వయస్సున ఆగథా తిరిగి లండను నగరమున ఒక వైద్యశాలయందు మందులు కలుపు పనికి చేరెను. బాంబులు పడుచుండగనే పగలు ఆ పనియు, తక్కిన వేళల రచనయు సాగించెను. ఆ కాలమున, 1941లో, ఎన్ ఆర్ ఎమ్ అను గూఢచారి నవలను ప్రకటించెను. ఎన్, ఎమ్ అనునవి ఇరువురు శత్రు గూఢచారుల రహస్య సంకేతములు. ఒకరు పురుషుడు, మఱియొకరు స్త్రీ. అంతకుమించి వారిని గూర్చి యెవ్వరికిని తెలియదు.

ఈ నవలలో టామీ, టప్పెన్స్ దంపతులు మరల కనబడుదురు. ఇప్పుడు వారు మునుపటి యువకులు కారు. వారి కొడుకును, కూతురును దేశసేవయందుండిరి. తల్లిదండ్రులు తామును సేవచేయుదుమని కార్యాలయముల చుట్టు తిరిగినను, వయస్సు మించినదని వారిని త్రిప్పిపంపుదురు. తుదకు రహస్యశాఖవారు టామీని మాత్రము పిలిచి, సముద్రతీరమున ఒక వసతిగృహమున దాగియున్న శత్రువులను కనిపెట్టుమని పంపుదురు. భార్యకు నిజము చెప్పరాదని ఆజ్ఞ. కాని టప్పెన్స్ ప్రక్కగదినుండి అంతయు వినినది. టామీ ఆ వసతిగృహమును చేరి చూచునప్పటికి, ఒక విధవరాలు మాఱుపేరుతో అచ్చట కూర్చుండి ఉన్ని యల్లుచుండెను. ఆమె టప్పెన్స్ యే!

ఆ వసతిగృహమున టప్పెన్స్ ఎన్నుకొన్న వేషము ఆలోచింపదగినది. ఆమె రాజకుమార్తెగను, సుందరాంగిగను వేషము వేయలేదు. తన కొడుకుల ముచ్చటలు ఎడతెగక చెప్పి యెదుటివారికి విసువు పుట్టించు నడివయస్సు దాటిన తల్లిగా వేషము వేసెను. అట్టి స్త్రీని అనుమానించువా రెవరు? ఆమె కొడుకుల ఉత్తరములని చెప్పుకొనినవి నిజముగా ఎర. వాటిని దాచినచోట చిన్న గుర్తునుంచి, వాటినెవరు రహస్యముగా తీసి చూచుచున్నారో కనిపెట్టును. ప్రాణాపాయము ఎదురైనను ఆమె వెనుదీయదు. వయస్సు మీఱినదని త్రోసివేయబడిన స్త్రీయే దేశమునకు అక్కఱకు వచ్చును.

ఈ నవలవలన ఒక విచిత్రము జరిగెను. అందలి ఒక పాత్రకు ఆగథా మేజర్ బ్లెచ్‌లీ యను పేరు పెట్టెను. శత్రువుల రహస్య లిపులను విప్పు పని ఆ దినములలో బ్లెచ్‌లీ పార్కు అను భవనమున మిక్కిలి గోప్యముగా సాగుచుండెను. ఆ సంగతి రచయిత్రికెట్లు తెలిసెనని నిజమైన రహస్యశాఖవారు కలవరపడిరి. ఆమె మిత్రుడును, అచ్చటి లిపి పండితుడును నగు డిల్లీ నాక్స్ ఆమెను నేర్పుగా ప్రశ్నించెను. ఒకమాఱు తన రైలు బ్లెచ్‌లీ స్టేషనులో చాలసేపు నిలిచిపోగా విసిగి, ఆ కసితో ఒక నచ్చని పాత్రకు ఆ పేరు పెట్టితినని ఆమె తెలిపెను. అధికారుల భయము తీఱెను. గూఢచారిణి కథ వ్రాసిన గృహిణి యొకతె నిజమైన గూఢచారులనే క్షణకాలము వణికించెను.

పెద్దవారి మాటను పెడచెవిని పెట్టుటవలన కలుగు కీడును ఆమె 1957లో వ్రాసిన 4.50 ఫ్రమ్ పాడింగ్టన్ అను నవల చక్కగా చూపును. రైలులో పోవుచున్న ఒక వృద్ధురాలు, ప్రక్క పట్టాలపై పోవు రైలు కిటికీలో, ఒకడు ఒక స్త్రీ గొంతు నులుముట చూచును. రైలు ఉద్యోగి ఆమె కల గన్నదని తలంచును. పోలీసులు వెదకినను శవము దొరకదు. ముసలివారి భ్రమయని యెల్లరు మఱచిపోవుదురు. ఆమెను నమ్మినది ఆమె స్నేహితురాలు మిస్ మార్పుల్ ఒక్కతెయే. ఆ నమ్మకమే నేరమును బయటపెట్టును.

ఆగథా కథలవలన నిజముగనే ఒక ప్రాణము నిలిచెను. 1961లో ప్రకటించిన ది పేల్ హార్స్ అను నవలయందు ఆమె థాలియం అను విషము సోకినవారి లక్షణములను వర్ణించెను. 1977లో లండనులోని ఒక వైద్యశాలయందు విదేశమునుండి తెచ్చిన ఒక పసిబిడ్డ, వైద్యులకు అంతుపట్టని వ్యాధితో క్షీణించుచుండెను. ఆ నవలను చదువుచుండిన నర్సు, బిడ్డ జుట్టు రాలుటను గమనించి, ఇది థాలియం విషమేమోయని వైద్యులకు తెలిపెను. పరీక్షింపగా అదియే నిజమయ్యెను. తగిన చికిత్సవలన బిడ్డ కోలుకొనెను. ఆమె మాటను వైద్యులు చులకనగా చూడక వినుటవలననే ఆ మేలు కలిగెను.

ఆగథా మొత్తము 66 నేరపరిశోధన నవలలు వ్రాసెను. వాటిలో 12 నవలలకు మిస్ మార్పుల్ నాయిక. 1952వ సంవత్సరము నవంబరు 25వ తేదీన లండనులో మొదలైన ది మౌస్‌ట్రాప్ అను ఆమె నాటకము, 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించి నాటకశాలలు మూతపడువఱకు ఎడతెగక సాగి, 2021లో మరల ఆరంభమయ్యెను. ఆ నాటకమువలన వచ్చు ఆదాయమును ఆమె తన మనుమని పేర వ్రాసి యిచ్చివేసెను. ఆమె పుస్తకములు నూఱు భాషలకు మించి అనువదింపబడి, రెండువందల కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయినవని అంచనా. 1971లో బ్రిటిషు ప్రభుత్వము ఆమెకు డేమ్ అను బిరుదమిచ్చి గౌరవించెను.

తొలి కథయందే మిస్ మార్పుల్‌ను అంత ముదుసలిగా చిత్రించితినే యని ఆగథా పిమ్మట చింతించినది. ఎందుకనగా ఆ ముదుసలి దాదాపు ఏబదియేండ్లు ఆమె వెంట నడువవలసి వచ్చెను. కాలక్రమమున ఆగథాయే ముదుసలి యయ్యెను. ఆమె చిట్టచివర వ్రాసిన నవల, 1973లో వెలువడిన పోస్టర్న్ ఆఫ్ ఫేట్. అందు టామీ, టప్పెన్స్ దంపతులు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధులు. అప్పటికిని వారు పాత పుస్తకములలో దొరకిన ఒక రహస్య సందేశమును పట్టుకొని మర్మమును విప్పుటకు పూనుకొందురు. తోటి రచయితలు నాయకులను ఎల్లప్పుడు యువకులుగనే యుంచగా, ఈమె వారిని తనతోపాటు పండనిచ్చెను.

1976వ సంవత్సరము జనవరి 12వ తేదీన, ఎనుబదియైదేండ్ల వయస్సున, వాలింగ్‌ఫర్డ్ పట్టణ సమీపమునగల తన గృహమున ఆగథా క్రిస్టీ మరణించెను. చోల్సీ గ్రామమున చర్చి ఆవరణయందు ఆమె సమాధి కలదు. ఆమె గౌరవార్థము లండను నాటకశాలలలో దీపములు తగ్గింపబడెను.

బిడియముచే పియానో వాయింపలేకపోయిన బాలిక, బడి చదువు సరిగా లేని యువతి, నడుమ వయస్సున ఆశలన్నియు కూలి లోకముచే వేలెత్తి చూపబడిన స్త్రీ – ఇట్టి యొక వ్యక్తి, ఎవ్వరును లెక్కింపని ముదుసలిని కథాపీఠముపై కూర్చుండబెట్టి, లోకముచేత ఆమెకు నమస్కరింపజేసెను. ఆమె కథలలో దోషులు పట్టుబడుటకు కారణము వారి తెలివితక్కువతనము కాదు. ఉన్ని యల్లు అవ్వను చూచి, ఈమెకేమి తెలియునని తలంచుటయే వారి పొరపాటు. ఆ పొరపాటు నేరము చేయని మంచివారును దినదినము చేయుచునే యుందురు. వీథియరుగుపై వత్తులు చేసికొను మామ్మగారి ప్రక్కన క్షణకాలము కూర్చుండి, ఆమె చూచినదేమో అడిగి తెలిసికొనువాడు, పుస్తకములలో దొరకని గ్రామచరిత్రను, మానవస్వభావమును ఆమె నోటనే నేర్చుకొనగలడు.